కప్పు కన్నా ముందు దారి ఖర్చు



మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగినప్పుడు మొదట మన పండుగల గురించి రాద్దామనుకున్నాను. కానీ వాటి గురించి నాకన్నా బాగా తెలిసిన పెద్దలు ఉన్నారు, వాళ్లు రాస్తారు. నేను హాస్టల్ వార్డెన్‌ని. రోజూ నా చేతిలో ఉండేవి హాజరు పట్టీ, స్టాకు రిజిస్టరు, పిల్లల ఆటల నోటుబుక్కు. ఆ నోటుబుక్కులో నా చేత్తో నేనే రాసిన ఒక మాట చాలా ఏళ్లుగా నన్ను గుచ్చుతూనే ఉంది. ఆ మాట గురించీ, దాని వెనక ఉన్న చరిత్ర గురించీ రాస్తాను.

ఆ మాట "వాకోవర్".

కొన్నేళ్ల కిందట మా వైపు హాస్టళ్ల మధ్య ఫుట్‌బాల్ పోటీలు పెట్టారు. స్కోరు రాసే పని నాకు అప్పగించారు. సెమీఫైనల్ రోజు కొండ మీది హాస్టల్ జట్టు మా పిల్లలతో ఆడాలి. గంటసేపు చూశాం, రాలేదు. నియమం ప్రకారం "రాలేదు, వాకోవర్" అని రాసి సంతకం పెట్టాను. మా పిల్లలు బంతి తన్నకుండానే ఫైనల్‌కు వెళ్లారు, ఫైనల్లో గెలిచారు కూడా. ఆ కప్పు ఇప్పటికీ మా స్టోర్ రూంలో బీరువా మీద ఉంది.

రెండు వారాల తర్వాత సంతలో ఆ కొండ మీది పిల్లవాడి తల్లి కలిసింది. నేను అడక్కుండానే చెప్పింది. "పిల్లలు పొద్దున్నే తయారై రోడ్డు కాడ కూర్చున్నారమ్మా. ఆటో కిరాయి ఎవరూ ఇయ్యలేదు. మధ్యాహ్నం దాకా చూసి మళ్లీ కొండెక్కిపోయారు."

నేను రాసిన "రాలేదు" అన్న మాటలో అబద్ధం లేదు. కానీ నిజం కూడా పూర్తిగా లేదు. బి.ఎడ్. చదివే రోజుల్లో చరిత్ర బోధనలో మాకు నేర్పిన మొదటి పాఠం అదే: ఒక సంగతిని రాసినవాళ్లు ఏది రాయకుండా వదిలేశారో కూడా చూడాలి. ఆ రోజు నుంచి, జట్లు ఎందుకు తప్పుకుంటాయి, చిన్న కప్పులు ఎలా బతుకుతాయి అని వెతికి చదవడం మొదలుపెట్టాను. అలా చదువుతూ ఫుట్‌బాల్ పుట్టింటికే, అంటే ఇంగ్లండుకే చేరాను.

ఆడి ఓడకుండానే ఇంటికి పోయిన జట్టు

ప్రపంచంలో అన్నిటికన్నా పాత ఫుట్‌బాల్ కప్పు పోటీ ఇంగ్లండులోని ఎఫ్.ఏ. కప్పు. 1871 జులై 20న లండన్‌లో ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి సి. డబ్ల్యూ. ఆల్కాక్ దీన్ని ప్రతిపాదించాడు. ఆయన హారో అనే బడిలో చదువుకున్నాడు. అక్కడ విద్యార్థులు ఉండే వసతి గృహాల మధ్య ఓడినవాళ్లు తప్పుకుంటూ పోయే పోటీ ఒకటి ఉండేది. ఆ పద్ధతే ఈ కప్పుకు మూలమని చెబుతారు. అంటే ఇంత పెద్ద ఆటకు విత్తనం హాస్టళ్ల మధ్య పోటీయే. ఇది చదివిన రోజు మా పిల్లలకు చెప్పాను. వాళ్ల మొహాలు చూడాలి మీరు!

మొదటి ఏడాది 15 క్లబ్బులు పేర్లిచ్చాయి. అందులో మూడు ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే తప్పుకున్నాయి. వెండి కప్పు ఖరీదు సుమారు 20 పౌండ్లు. దాని కోసం స్కాట్లండు గ్లాస్గో నగరం నుంచి క్వీన్స్ పార్క్ అనే క్లబ్బు ఒక గినీ, అంటే 21 షిల్లింగులు చందా పంపింది.

ఆ క్వీన్స్ పార్క్‌కు మొదటి రౌండులో ఇంగ్లండులోని డోనింగ్టన్ అనే బడి జట్టుతో జోడీ పడింది. ప్రయాణం కుదరక ఇద్దరినీ ముందుకు పంపారు. మళ్లీ వాళ్లిద్దరికే జోడీ పడితే బడి జట్టు తప్పుకుంది. అలా ఒక్క ఆటా ఆడకుండానే క్వీన్స్ పార్క్ సెమీఫైనల్‌కు చేరింది. సెమీఫైనల్ మాత్రం లండన్‌లోనే ఆడాలి. గ్లాస్గో నుంచి లండన్‌కు సుమారు 650 కిలోమీటర్లు, ఇంచుమించు హైదరాబాద్ నుంచి విశాఖపట్నం అంత దూరం. ఊళ్లో చందాలు పోగుచేసి జట్టును రైలెక్కించారు.

1872 మార్చి 5న కెన్నింగ్టన్ ఓవల్ మైదానంలో వాండరర్స్ జట్టుతో ఆట జరిగింది. ఎవరూ గోల్ కొట్టలేదు, 0-0. నియమం ప్రకారం మళ్లీ ఆడాలి. కానీ మళ్లీ ఆడేదాకా లండన్‌లో ఉండటానికీ, ఊరికి పోయి తిరిగి రావడానికీ వాళ్ల దగ్గర డబ్బు లేదు. తప్పుకున్నారు. వాండరర్స్ ఫైనల్‌కు వెళ్లి మార్చి 16న రాయల్ ఇంజనీర్స్ జట్టుపై 1-0తో గెలిచింది. ఆ ఫైనల్‌కు ముందు వాండరర్స్ నిజంగా ఆడి గెలిచిన మ్యాచ్ ఒక్కటే! కప్పుల జాబితాలో మాత్రం మొదటి పేరు వాళ్లదే.

మరుసటి ఏడాది కూడా ఇలాగే అయింది. దూరాన్ని బట్టి క్వీన్స్ పార్క్‌ను నేరుగా సెమీఫైనల్‌కు పంపారు. ఈసారీ వాళ్లు తప్పుకోవలసి వచ్చింది, ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ జట్టు ముందుకు పోయింది.

చేతగాక తప్పుకున్నారేమో అనుకుంటే పొరపాటు. 1872 నవంబర్ 30న గ్లాస్గోలో స్కాట్లండు, ఇంగ్లండు జట్లు ఆడాయి. ప్రపంచంలో అధికారికంగా లెక్కించే మొదటి అంతర్జాతీయ మ్యాచ్ అదే. ఆ రోజు స్కాట్లండు తరఫున దిగిన 11 మందీ క్వీన్స్ పార్క్ వాళ్లే. ఇంగ్లండును 0-0తో ఆపేశారు. 1874లో మొదటి స్కాటిష్ కప్పును కూడా వాళ్లే గెలిచారు. ఆట తమ ఊళ్లో జరిగినప్పుడు వాళ్ల సత్తా ఏమిటో కనిపించింది. ఎనిమిది నెలల ముందు వాళ్లకు తక్కువైంది దారి ఖర్చు ఒక్కటే.

కింది వరుస జట్ల కప్పు

కాలక్రమంలో ఇంగ్లండులో ఫుట్‌బాల్ లీగ్ పెరిగి పెద్దదై నాలుగు డివిజన్లు, 92 క్లబ్బులు అయ్యాయి. పై డివిజన్‌కు డబ్బు, పేరు. మూడు, నాలుగు డివిజన్లకు పాత స్టేడియాలు, వారం వారం జీతాల దిగులు. దారి ఖర్చు బాధ వీళ్లకు మొదటి నుంచీ తెలుసు. అందుకే 1921 నుంచి 1958 దాకా మూడో డివిజన్‌ను ఉత్తరం, దక్షిణం అని రెండుగా విడగొట్టి నడిపారు, జట్లు దేశం ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగే పని లేకుండా.

ఈ కింది జట్లకు ఈనాడు ఉన్న కప్పు ఒక్కసారిగా పుట్టలేదు. దాని ముందు తరాలన్నీ డబ్బు ఆగిపోవడం వల్లో, జట్లు తప్పుకోవడం వల్లో పోయినవే.

1970లో టెక్సాకో అనే పెట్రోలు కంపెనీ లక్ష పౌండ్లు పెట్టి టెక్సాకో కప్పు మొదలుపెట్టించింది. ఐరోపా పోటీలకు అర్హత దొరకని ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు క్లబ్బుల కోసం అది. ఆనాటి రాజకీయ ఉద్రిక్తతల మధ్య ఐర్లండు వైపు క్లబ్బులు తొలినాళ్లలోనే తప్పుకున్నాయి. 1975లో కంపెనీ కూడా తప్పుకుంది. పేరు మార్చి ఆంగ్లో-స్కాటిష్ కప్పుగా నడిపారు. చూసేవాళ్లు తగ్గుతూ వచ్చారు. 1980లో స్కాట్లండులోని మహా క్లబ్బు రేంజర్స్, ఇంగ్లండు మూడో డివిజన్ జట్టు చెస్టర్‌ఫీల్డ్ చేతిలో 3-0తో ఓడింది. ఆ మరుసటి ఏడాదికి స్కాట్లండు క్లబ్బులన్నీ తప్పుకున్నాయి. ఆదాయం లేకపోవడం ఒక కారణమైతే, చిన్న జట్టు చేతిలో పరువు పోవడం ఇంకో కారణమని చెప్పుకుంటారు.

మిగిలిన ఇంగ్లండు క్లబ్బులతో 1981లో ఫుట్‌బాల్ లీగ్ గ్రూప్ కప్పు పెట్టారు. మరుసటి ఏడాది దాని పేరు ఫుట్‌బాల్ లీగ్ ట్రోఫీ అయింది. 1983-84లో పూర్తిగా మూడు, నాలుగు డివిజన్ల కోసమే మార్చి "అసోసియేట్ మెంబర్స్ కప్పు" అన్నారు. ఆ పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. లీగ్‌లో పై రెండు డివిజన్ల క్లబ్బులు పూర్తి సభ్యులు. కింది రెండు డివిజన్లవి అసోసియేట్ సభ్యులు, అంటే కూర్చోవడానికి చోటు ఉంటుంది గానీ పూర్తి ఓటు ఉండదు. కప్పు పేరులోనే వాళ్లు ఎక్కడ కూర్చోవాలో రాసిపెట్టారు. ఈ మాట మనవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ మొదటి ఫైనల్‌ను లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో పెడతామన్నారు. తీరా గుర్రాల ప్రదర్శన జరిగి అక్కడి పచ్చిక పాడైందని హల్ నగరానికి మార్చేశారు. బోర్న్‌మత్ జట్టు హల్ సిటీపై 2-1తో గెలిచింది. గుర్రాలకు దొరికిన మైదానం ఆ జట్లకు దొరకలేదు. మరుసటి ఏడాది, 1985లో, విగన్, బ్రెంట్‌ఫర్డ్ జట్లతో ఫైనల్ వెంబ్లీకి చేరింది.

పేరు అమ్ముకుని బతికిన కప్పు

డబ్బు కోసం ఈ కప్పు ఎన్ని పేర్లు మార్చుకుందో చెబితే నవ్వొస్తుంది. ఫ్రైట్ రోవర్ ట్రోఫీ, షెర్పా వ్యాన్ ట్రోఫీ, లేలాండ్ డాఫ్ కప్పు: ఇవన్నీ వ్యాన్లు, లారీలు తయారుచేసేవాళ్ల పేర్లు. తర్వాత కారు అద్దాలు వేసేవాళ్లు ఆటోగ్లాస్, ఆటో విండ్‌స్క్రీన్స్. మళ్లీ వ్యాన్ల కంపెనీ ఎల్.డి.వి. ఆ తర్వాత పదేళ్లు గోడలకు వేసే రంగుల కంపెనీ జాన్‌స్టోన్స్. 2020 నుంచి 2023 దాకా పిజ్జాలు అమ్మే పాపా జాన్స్.

నవ్వేవాళ్లు నవ్వారు. కానీ ఆ పేర్ల మీద వచ్చిన డబ్బుతోనే కప్పు ఆగకుండా నడిచింది. నడిచింది కాబట్టే 1988 మే నెలలో ఒక రోజు వచ్చింది. ఆ ఏడాది షెర్పా వ్యాన్ ట్రోఫీ ఫైనల్లో ఆడినవి రెండూ నాలుగో డివిజన్ జట్లే, వుల్వర్‌హాంప్టన్ వాండరర్స్, బర్న్‌లీ. రెండూ ఒకప్పుడు దేశ విజేతలు. అప్పుల్లో మునిగి వుల్వ్స్ మూతపడే దాకా వెళ్లి వచ్చింది. బర్న్‌లీ అయితే ఏడాది ముందు, 1987 మే 9న, చివరి మ్యాచ్ గెలవకపోతే లీగ్ నుంచే పోవలసిన స్థితిలో ఓరియంట్‌పై 2-1తో గెలిచి నిలబడింది. అలాంటి రెండు జట్ల ఫైనల్ చూడటానికి వెంబ్లీకి 80,841 మంది వచ్చారు. వుల్వ్స్ 2-0తో గెలిచింది. గెలుపు ఓటముల కన్నా ఆ జనాన్ని చూడండి. చిన్న జట్టుకు కూడా ఒక రోజు వెలుగులో నిలబడే చోటు ఇస్తే జనం వస్తారు.

2019లో పోర్ట్స్‌మత్, సండర్లాండ్ ఫైనల్‌కు 85,021 మంది వచ్చారు. ఈ కప్పు చరిత్రలో అదే ఎక్కువ.

వద్దని తప్పుకున్నవాళ్లు

ఇంతకు మూడేళ్ల ముందే ఈ కప్పు ఇంకో దెబ్బ తింది. 2016లో నిర్వాహకులు ప్రీమియర్ లీగ్ వంటి పెద్ద క్లబ్బుల కుర్రాళ్ల జట్లను 16 తెచ్చి ఇందులో కలిపారు. దాంతోపాటు అదనపు డబ్బు కూడా వచ్చింది. కానీ చిన్న ఊళ్ల అభిమానులకు అది అవమానంగా తోచింది. మా కప్పులోకి మీ శిక్షణ పిల్లలను పంపుతారా అని మైదానాలకు పోవడం మానేశారు. కొన్ని మ్యాచ్‌లకు వందల్లోనే జనం. పిలిచిన పెద్ద క్లబ్బుల్లో ఆర్సెనల్, లివర్‌పూల్, మాంచెస్టర్ యునైటెడ్ వంటివి తామే రామన్నాయి.

మొదటి జట్టు ఆటగాళ్లలో కనీసం ఐదుగురిని దింపాలని నియమం పెడితే, ఒక క్లబ్బు తన గోల్‌కీపర్‌ను లెక్క కోసం దింపి 3వ నిమిషంలోనే బయటికి పిలిచింది. నియమం తప్పిన క్లబ్బులకు జరిమానాలు వేశారు. లూటన్, పోర్ట్స్‌మత్ జట్లకు చెరో 15,000 పౌండ్లు. డబ్బు లేని జట్ల కోసం పెట్టిన కప్పులో డబ్బు లేని జట్లకే జరిమానా! అయినా అదే పోర్ట్స్‌మత్ మూడేళ్లకు ఆ కప్పు గెలిచింది.

డబ్బు వల్ల జట్టే మాయమైన సందర్భమూ ఉంది. 1885లో పుట్టి, రెండుసార్లు ఎఫ్.ఏ. కప్పు గెలిచిన బరీ క్లబ్బును 2019 ఆగస్టులో ఆర్థిక కారణాలతో లీగ్ నుంచే తొలగించారు. పట్టికలో ఆ పేరు ఉన్న గడి ఖాళీ అయింది. ఆ ఊరి జనానికి శనివారం మధ్యాహ్నం ఖాళీ అయింది.

మనకు దీనితో పనేమిటి

ఇదంతా చదివాక నాకు అర్థమైంది ఇది. జట్లు తప్పుకోవడం అంతా ఒకటి కాదు. క్వీన్స్ పార్క్ లేమి వల్ల తప్పుకుంది. స్కాట్లండు పెద్ద క్లబ్బులు లాభం లేదని, కొంత పరువు కోసం తప్పుకున్నాయి. 2016లో అభిమానులు కోపంతో తప్పుకున్నారు. బరీని తప్పించారు. రికార్డులో మాత్రం అన్నిటికీ దాదాపు ఒకటే మాట. మన పిల్లల విషయంలో ఆ ఒక్క మాట చాలా కీడు చేస్తుంది. "ఆ హాస్టల్ వాళ్లా, వాళ్లు ఎప్పుడూ రారు" అంటారు. మరుసటి ఏడాది పిలవడం కూడా మానేస్తారు. రాలేకపోయినవాళ్లు కొన్నాళ్లకు రానివాళ్లు అవుతారు, ఇంకొన్నాళ్లకు చేతకానివాళ్లు అవుతారు.

మన సంఘం ఏటా ఆదివాసీ దినోత్సవం సందర్భంగా ఆటల పోటీలు పెడుతోంది. చందాలు తగ్గుతున్నాయని, జట్లు పేర్లిచ్చి రావడం లేదని కమిటీ తమ్ముళ్లు బాధపడుతున్నారు. నిరుడు ఒక తమ్ముడు, పోటీలు ఆపేద్దామా అక్కా అని కూడా అడిగాడు. ఆపొద్దు. చరిత్ర చూసి మూడు పనులు చేద్దామని నా మనవి.

మొదటిది, కప్పు కొనేముందు దారి ఖర్చు లెక్క వేద్దాం. అందరికన్నా దూరం నుంచి వచ్చే జట్టు పేరు బడ్జెట్‌లో మొదటి వరుసలో రాద్దాం. కప్పు అడుగు తగ్గినా పరవాలేదు. జట్టు తగ్గితే అది పోటీ కాదు.

రెండోది, ఇంగ్లండు కింది డివిజన్ల వాళ్లు చేసినట్టు పోటీలను ప్రాంతాలుగా విడగొడదాం. కొండ మీది జట్లు కొండ మీదే ఆడుకోనీ, కింది జట్లు కిందే ఆడనీ. చివరి రెండు జట్లు మాత్రం ఒకచోట కలిస్తే చాలు. అప్పుడు రెండు ఆటోలు కడితే సరిపోతుంది. వచ్చిన జట్టు ఒక్క ఆటతో ఇంటికి పోకుండా కనీసం రెండు ఆటలు ఆడేలా చూద్దాం. అంత దూరం వచ్చిన పిల్లవాడు ఇరవై నిమిషాలు ఆడి తిరిగిపోతే వచ్చే ఏడాది వాళ్ల అమ్మ పంపదు.

మూడోది డబ్బు ఖర్చు లేనిది. ఏ జట్టైనా రాకపోతే "రాలేదు" అని రాసి ఊరుకోవద్దు. పక్కనే కారణం రాద్దాం. వాగు పొంగితే వాగు పొంగిందని, బండి దొరక్కపోతే బండి దొరకలేదని. ఆ పుస్తకమే రేపు మన చరిత్ర. దాన్ని చదివేవాళ్లు మన పిల్లలే.

ఇక దాతల సంగతి. ఏ ఎరువుల కొట్టువాళ్లో, సెల్‌ఫోన్ కొట్టువాళ్లో కప్పుకు తమ పేరు పెట్టమంటే కొందరు పెద్దలకు నచ్చడం లేదు. వాళ్ల మనసు నాకు తెలుసు. కానీ రంగుల కంపెనీ పేరు పెట్టుకున్న కప్పు కూడా కింది జట్లను వెంబ్లీ దాకా తీసుకుపోయింది. పేరు ఎవరిదైనా పెట్టుకుందాం. ఎవరు ఆడాలి, ఎవరు రావాలి అన్నది మాత్రం మనమే తేల్చుకుందాం. 2016లో జనం కోపం పేరు మీద కాదు, తమ చోటు ఇంకొకరికి ఇచ్చారని.

ఈ వ్యాసం రాయడానికి కూర్చునే ముందు ఆ పాత నోటుబుక్కు తీశాను. పేజీ అంచులు చెదలు కొట్టాయి గానీ అక్షరాలు బాగానే ఉన్నాయి. "రాలేదు, వాకోవర్". ఆ రోజు రోడ్డు పక్కన కూర్చున్న పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లు అయ్యుంటారు. కొందరికి పిల్లలు కూడా పుట్టి ఉంటారు. ఆ ఆట ఇక జరగదు. కానీ ఆ వరుస పక్కన ఎర్ర సిరాతో "ఆటో కిరాయి లేక" అని రాసి, ఈనాటి తేదీ వేసి సంతకం పెట్టాను.

వచ్చే పోటీలకు కొండ మీది హాస్టల్ జట్టు ఆటో కిరాయి నా వంతు. మిగతా జట్లవి ఎవరెవరు తీసుకుంటారో కమిటీకి చెప్పండి.